చేతికర్ర మాత్రం చెయ్యను

పోయిన వారం బ్రాడీపేట నుంచి ఒక డాక్టరమ్మ మా షెడ్డుకి వచ్చింది. స్కూటరు ఆపి, హెల్మెట్ అయినా తీయకుండా ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. వాళ్ల నాన్నగారికి డెబ్భై ఐదేళ్లు నిండుతున్నాయట. ఆ రోజు ఆయన చేతిలో ఒక మంచి కర్ర పెట్టాలని ఉందట. బొమ్మలో కర్ర ఎర్రటి గోధుమరంగులో, ఒళ్లంతా నల్లటి మచ్చలతో, అప్పుడే కుబుసం విడిచిన పాములా నిగనిగలాడుతోంది. కళ్లజోడు సర్దుకుని ఒకసారి చూసి ఫోను తిరిగి ఇచ్చేశాను. "నగల పెట్టె చేస్తానమ్మా, పెన్నుల స్టాండు చేస్తాను, వీణకి బిరడాలైనా చేసిస్తాను. చేతికర్ర మాత్రం చెయ్యను" అన్నాను. "చేతకాదా, చెయ్యరా?" అంది. చదువుకున్నవాళ్ల ప్రశ్న. చెయ్యనండి అన్నాను. ఎందుకో చెప్పడం మొదలుపెడితే ఆవిడ క్లినిక్కు టైము దాటిపోతుంది. ఆవిడ వెళ్లిపోయాక ఆ మధ్యాహ్నం ఇక ఉలి పట్టబుద్ధి కాలేదు. మా మనవరాలి నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చింపుకుని ఇది రాస్తున్నాను.

ఈ షెడ్డు మా బావది. బావంటే మా అక్క భర్త. పొన్నూరు దగ్గర వరి చేల మధ్య పుట్టి, క్రైస్తవ మిషన్ వాళ్ల వడ్రంగి బడిలో పని నేర్చుకుని, గుంటూరు వచ్చి మిర్చి యార్డుకి వెళ్లే దారిలో ఈ రేకుల కప్పు వేసుకున్నాడు. సీజన్లో గాలి ఎంత ఘాటుగా ఉంటుందంటే, మా దగ్గర ఏ బేరమైనా నాలుగు తుమ్ములతో మొదలయ్యేది. తుమ్మి తుమ్మి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి గట్టిగా బేరమాడలేడు, అది మాకు దేవుడిచ్చిన సౌకర్యం. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని ప్రార్థన మందిరంలో అందరికంటే గట్టిగా పాడేవాడు బావ. సోమవారం అదే గొంతుతో నన్ను తిట్టేవాడు. స్పిన్నింగు మిల్లు మూతపడి రోడ్డున పడ్డ నన్ను, పెళ్లాంబిడ్డలున్నవాణ్ని, పిలిచి పనిలో పెట్టుకున్నాడన్న కృతజ్ఞత నాకు ఉండేది. అయితే చేతికందింది విసిరే అలవాటు ఆయనకు ఉండేది. ఉప్పుకాగితం చుట్టిన చెక్కముక్క, కొలబద్ద, ఒకసారి టీ గ్లాసు. ఉలి మాత్రం ఎప్పుడూ విసరలేదు. ఉలి మొద్దుబారుతుందని.

తలుపులూ కిటికీలూ చేసేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. బావ పేరు పడింది వేరే పనికి. సముద్రాలు దాటి వచ్చే చెక్కలు, నల్లవి, ఊదారంగువి, చారలవి, మచ్చలవి, వాటితో చిన్న చిన్న సొగసైన వస్తువులు చేసేవాడు. వాటి అందమంతా లోపలే ఉంటుంది, రోగం కూడా లోపలే ఉంటుంది. "టేకు గవర్నమెంటు ఉద్యోగి లాంటిదిరా" అనేవాడు. "ఎండలో పెట్టు, వానలో పెట్టు, రిటైరయ్యేదాకా కదలదు. ఇవి అట్లా కాదు. లోపల కోపం పెట్టుకుని పైకి నవ్వుతుంటాయి." వెనక వంటింట్లోంచి అక్క, "ఇంట్లో ఒకటి ఉందిగా అట్లాంటిది, అది నవ్వను కూడా నవ్వదు" అనేది. మా గుంటూరు ఎండకి ఆ చెక్కలు పగిలేవి. పగలడమంటే చప్పుడు లేకుండా గీత పడటం కాదు. మే నెలలో మధ్యాహ్నం భోజనం చేస్తుంటే షెడ్డులో తుపాకీ పేలినట్టు వినపడేది. బావ అన్నం చేత్తోనే లేచి పరిగెత్తేవాడు. అందుకే కొత్త దుంగ రాగానే రెండు కొసలకీ కరిగించిన మైనం పూసి, గోనె చుట్టి, నీడన పడుకోబెట్టేవాళ్లం. ప్రతి ఆదివారం మందిరం నుంచి రాగానే కూరగాయల త్రాసులో తూచేవాళ్లం. వారం వారం తరుగుతూ వచ్చిన బరువు ఒకచోట ఆగిపోవాలి. ఆగిన తర్వాత కూడా ఇంకొన్ని నెలలు చూడాలి. అప్పుడు పనిముట్టు తాకించాలి.

చీమకుర్తి నుంచి ఒక పెద్దాయన వచ్చినప్పుడు నాకు ముప్ఫై రెండేళ్లు. తెల్ల పంచె, ఆరడుగుల మనిషి, ఒక మోకాలు మొరాయిస్తోంది. జీవితమంతా మిరప, పత్తి పండించినవాడు. కొడుకులు గ్రానైటు క్వారీల్లోకి దిగాక కారెక్కాడు. వాళ్ల దగ్గర రాయి కొనే విదేశీయుడెవరో కానుకగా ఇచ్చిన రెండు దుంగలు కారు డిక్కీలోంచి దింపించాడు. ఒక్కోటి నడుమెత్తు, ముంజేయంత లావు. బావ ఒక కొసన మైనం గీకి తడిగుడ్డతో తుడిచాడు. ఎర్రటి ఒంటి మీద నల్ల మచ్చలు పైకి తేలాయి. బావ దాన్ని రెండోసారి, మూడోసారి తుడిచి చూశాడు. "పాము చెక్కండి ఇది" అన్నాడు చివరికి. "దీన్ని మించిన అందం లేదు, దీన్ని మించిన ద్రోహీ లేదు."

"నాకు చూసుకునేది కాదయ్యా, ఊతం పట్టుకునేది కావాలి" అన్నాడు పెద్దాయన. బావ ఆయన్ని చెప్పులతో నిలబెట్టి, మణికట్టు గీత నుంచి నేలదాకా కొలిచాడు. ఏడాదిన్నర పడుతుందన్నాడు. కారు దగ్గర నిలబడ్డ చిన్నకొడుకు పకపకా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. మొద్దు మీద కూర్చుని, "కళ్లంలో మిరపకాయా అంతేగా. తొందరపడి ఎత్తితే సగం తాలే. ఆరనీ" అన్నాడు. ఆ తర్వాత నెలకోసారి గుంటూరులో పని కల్పించుకుని మరీ వచ్చేవాడు. దుంగ చూడటానికని వచ్చి, బావతో గంటసేపు అరుచుకుని వెళ్లేవాడు. మిరప రేటు గురించి, ప్రభుత్వం గురించి, దేవుడి గురించి. వినేవాళ్లకి కొట్టుకుంటున్నారేమో అనిపించేది. వాళ్లిద్దరికీ అది స్నేహం.

మొదటి దుంగ మమ్మల్ని కాటేసింది. బరువు ఆగి నాలుగు నెలలైంది, పైన వెంట్రుకంత గీత లేదు. లేతు మిషనుకి బిగించి బావ ఉలి ఆనించాడు. ఎర్రటి రజను ధారగా రాలింది. రెండో నిమిషంలో గాలిపటం దారం తెగినట్టు చిన్న చప్పుడు వినిపించింది, వెంటనే దుంగ మధ్యకి చీలి పేలింది. ఒక చెక్క రేకుల్ని చీల్చుకుని బయట పడింది. ఇంకోటి బావ మూతి మీద తగిలింది. ఆయన వెనక్కి పడి, లేచి, నడుచుకుంటూ వచ్చి మిషను ఆపి, నోట్లోంచి రెండు పళ్లు అరచేతిలోకి ఉమ్మాడు. చొక్కా ముందుభాగమంతా రక్తం. నేను పత్తి కోసం పరిగెత్తుతుంటే బావ నేల మీద ముక్కలు ఏరుతున్నాడు. లోపలి నుంచి నల్లగా పాత పగులు. చెట్టుగా ఉన్నప్పుడే పడింది, ఎవరికీ కనపడకుండా దాక్కుంది. "చూశావా" అన్నాడు రక్తం మింగుతూ. "దాచుకున్న పగులు ఎవణ్నో ఒకణ్ని కొట్టే తీరుతుంది."

రెండో దాన్ని మిషనుకి ఎక్కించలేదు. ఇంకో ఆరునెలలు ఆరనిచ్చి, బాడిశతో మెల్లగా చెక్కి, చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకి, బావ ఒక్కడే చేశాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. కర్ర తయారైంది. ఇక నునుపు చెయ్యడమే మిగిలింది. అప్పుడు పొన్నూరులో బావ మేనత్త చనిపోయిందని కబురొచ్చింది. అక్కా ఆయనా బయల్దేరారు. బావ ఆటో ఎక్కాక మళ్లీ దిగొచ్చి నాకు చెప్పాడు. "ఉప్పుకాగితం చేత్తోనే పట్టు. మిషను పెట్టకు. ఇది వేడికి ఓర్వదు. కాసేపు రుద్దు, చల్లారనివ్వు, మళ్లీ రుద్దు. మూడు రోజులు పడుతుంది. పట్టనీ."

సరే బావా అన్నాను. ఆటో మలుపు తిరిగాక, మధ్యాహ్నం, గ్రైండరుకి ఉప్పుకాగితం బిళ్ల బిగించాను. మూడు రోజుల పని ఒక్క పూటలో అవుతుందని లెక్క. నిజంగానే అయిపోతోంది కూడా. మచ్చలు ఒక్కొక్కటే కళ్లు తెరుస్తున్నాయి. చెయ్యి వేస్తే కర్ర వేడిగా ఉంది, జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా. అయినా ఆపలేదు. పిడికి జానెడు కింద 'టిక్' మంది. ఆపి చూశాను. పోగంత గీత, ఏటవాలుగా లోపలికి దిగి ఉంది. నా ఒళ్లంతా చెమట పట్టింది. బావ విసిరే కొలబద్ద కళ్లముందు మెదిలింది. పాడైన కర్ర గురించీ, పెద్దాయన మోకాలి గురించీ ఆలోచించలేదు, తిట్ల గురించి ఆలోచించాను. ఆ చెక్క పొడే గీతలో కూరి, క్షణంలో గట్టిపడే జిగురు చుక్కలు వేసి, మళ్లీ రుద్దాను. నల్ల మచ్చల్లో ఇంకో నల్లగీత. నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

నాలుగో రోజున బావ వచ్చి కర్రని వెలుతురులో పట్టుకుని బొటనవేలితో పొడవునా తడిమాడు. ఆయన చూపు అప్పటికే మందగిస్తోందని నాకు తెలుసు. "బాగా చేశావురా" అన్నాడు. ఐదేళ్లలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పెద్దాయన వచ్చి కర్ర పుచ్చుకుని, షెడ్డులో ఆ చివరినుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి, "ఏరా వడ్రంగీ, నన్ను కుర్రోణ్ని చేశావు" అన్నప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

రోహిణీ కార్తెలో ఒకరోజు పొద్దున పదింటికి షెడ్డు ముందు ఒక జీపు ఆగింది. చిన్నకొడుకు, అతనితో క్వారీలో పనిచేసే ఇద్దరు మనుషులు. అతను కర్రని రెండు ముక్కలుగా బావ కాళ్ల ముందు పడేశాడు. "మా నాన్న మెట్లు దిగుతుంటే విరిగింది. తుంటి ఎముక ముక్కలైంది. చేతిలో ఇంత పేడు దిగింది. ఒంగోలు ఆసుపత్రిలో అరుస్తున్నాడు" అన్నాడు. తను మాత్రం అరవలేదు. అతను మెల్లగా మాట్లాడినందుకే భయం వేసింది.

బావ వంగి ముక్క తీసుకుని వెలుతురులోకి పట్టుకెళ్లాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, విరిగినచోట కంటికి ఆనించినంత దగ్గరగా చూశాడు. సగం ఎర్రగా, పచ్చిగా ఉంది. మిగతా సగం నల్లగా, జిగురు పట్టి మెరుస్తోంది. తలెత్తి నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేవాణ్ని. మొదటి దుంగ పేలినప్పుడు ముక్కలు ఏరుతూ చూసిన చూపు అది.

"ఎవడు చేశాడు?" అన్నాడు చిన్నకొడుకు.

"షెడ్డు నాది. చేసింది నేనే" అన్నాడు బావ.

మొదటి దెబ్బకి కింద పడ్డాడు. డొక్కలో తన్నారు. లేపి మళ్లీ కొట్టారు. నేను అక్కడే ఉన్నాను. చేసింది నేనేనని ఒప్పుకోలేదు. చెక్కకి మేకు కొట్టినట్టు నిలబడిపోయాను. చిన్నకొడుకు బల్ల మీదున్న కొయ్యసుత్తి తీసుకున్నాడు, బావ ముప్ఫై ఏళ్లుగా వాడుతున్నది. ఆ ఇద్దరూ బావ కుడిచెయ్యి బల్ల మీద పరిచి పట్టుకున్నారు. అప్పుడు కదిలాను. బాడిశ తీసుకుని ఎవరి మీదికి వెళ్తున్నానో తెలియకుండా వెళ్లాను. వాళ్లలో ఒకడు బావని వదిలి, వెంట తెచ్చిన ఇనపరాడ్డుతో నా మోచేతి మీద కొట్టాడు, బాడిశ జారిపోయింది. సుత్తి మూడుసార్లు పడింది. పచ్చి వెదురు విరిచినట్టు చప్పుడు. బావ కేక పెట్టలేదు. నేను పెట్టాను.

నా కేకకి అక్క వెనక నుంచి వచ్చింది. పొయ్యి మీద ఆ పొద్దుటే నేను పెట్టిన మైనం డబ్బా కుతకుత ఉడుకుతోంది. అక్క కొంగుతో డబ్బా పట్టుకుని నేరుగా నడిచి వచ్చి వాళ్ల మీదికి విసిరింది. చిన్నకొడుకు మోకాలి నుంచి పాదందాకా పడింది. అంత పెద్ద మనిషి నేల మీద దొర్లాడు. మిగతావాళ్లు అతన్ని జీపులోకి ఈడ్చుకుపోయారు. అక్క అరచేతులు రెండూ కాలి బొబ్బలెక్కాయి. ఆమె అవి చూసుకోలేదు. బావ చేతిని ఒళ్లో పెట్టుకుని, అందులో వేళ్లు ఎక్కడున్నాయో వెతుకుతున్నట్టు చూస్తూ కూర్చుంది.

గుంటూరు ఆసుపత్రిలో పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, కేసు పెడదామన్నారు. "ముసలాయన పడింది నేనిచ్చిన కర్ర విరిగి. నేనేం కేసు పెడతానయ్యగారూ" అన్నాడు బావ. ఆరు రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏడో రోజు అక్క బయటికి వెళ్లినప్పుడు నేను పాలగ్లాసు అందించాను. ఎడమచేత్తో అందుకుని నా మొహానికేసి విసిరాడు. స్టీలు గ్లాసు. కనుబొమ చిట్లి కంట్లోకి రక్తం కారింది.

"ఎందుకు చెప్పలేదురా? పగిలిందని చెబితే ఏం పోయేది? ఒక కర్ర పోయేది. అంతేగా."

ఆయన ఆయాసపడుతూ పడుకుని, "పెద్దాయన దగ్గరికి పోయి చెప్పు" అన్నాడు. "నాకోసం కాదు. నీ లోపలి చెక్క చెడిపోకముందే."

కనుబొమకి కుట్లు వేయించుకుని చీమకుర్తి బస్సెక్కాను. రాయి లారీల వెనక దుమ్ములో బస్సు నత్తలా నడిచింది. ఊరూ, చెట్లూ, మనుషులూ అంతా బూడిదరంగు. దారిపొడుగునా దిగిపోదామనుకుంటూనే ఉన్నాను. పెద్దాయనని అప్పటికి ఇంటికి తెచ్చారు. కాలికి బరువు వేలాడగట్టి మంచం మీద పడుకోబెట్టారు. ఆరడుగుల మనిషి సగమయ్యాడు. గుమ్మంలో చిన్నకొడుకు, కాలికి మోకాలిదాకా కట్టు. నన్ను చూసి కాలర్ పట్టుకుని గోడకి కొట్టాడు. "వదలరా" అన్నాడు పెద్దాయన. నేను నిలబడే చెప్పాను. గ్రైండరు గురించి, 'టిక్' మన్న చప్పుడు గురించి, జిగురు గురించి, బావకి తెలియదని. తర్వాత బావ చెయ్యి గురించి. అది చెప్పినప్పుడు ఆయన ముఖం మారింది. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"ఇటు వంగు" అన్నాడు. వంగాను. చెంప మీద కొట్టాడు. పడుకున్న ముసలిమనిషి దెబ్బ అలా ఉంటుందనుకోలేదు, కుట్లు తెగాయి. తర్వాత కొడుకుని పిలిచాడు. అతను కదల్లేదు. పెద్దాయన మోచేతుల మీద లేవబోయాడు. వేలాడే బరువు ఊగి కాలు లాగేసరికి ఇల్లదిరేలా అరిచాడు. కొడుకు కుంటుతూ పరిగెత్తి వచ్చి భుజాలు పట్టుకున్నాడు. అప్పుడు ఆ చెంప మీదా పడింది. ఒకటి కాదు. "పనివాడి చెయ్యి విరగ్గొడతావురా? నేను ఈ చేతివేళ్లతో పత్తి తీసి నిన్ను పెంచలేదురా?" అంటూ, కొడుతూ, ఆ కొడుకు భుజం మీదే తల వాల్చి ఏడ్చాడు. అతను దెబ్బలు తప్పించుకోలేదు. నా కనుబొమ మీది రక్తం తుడుచుకుంటూ నేను బయటికి వచ్చేశాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు.

పెద్దాయన మళ్లీ కర్ర పట్టలేదు, వాకరుతో మూడేళ్లు బతికాడు. ఒకసారి కారులో వచ్చాడు, దిగలేకపోయాడు. బావ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ మిరప రేటు గురించి గంటసేపు అరుచుకున్నారు. కారు నడిపింది చిన్నకొడుకే. దిగి వచ్చి బావకి నీళ్ల సీసా అందించాడు, బావ ఎడమచేత్తో తీసుకున్నాడు.

బావ కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే మిగిలాయి. మిగతావి ఉన్నా లేనట్టే. ఉలి పట్టు నిలవలేదు. మరుసటి నెల నుంచి స్టూలు వేసుకుని నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లు అలా కూర్చున్నాడు. నేను చేసిన ప్రతి వస్తువూ ఆయన తిట్లలో తయారైంది. ఎడమచేతి గురి కూడా బాగా కుదిరింది, వయసు మీదపడ్డాక కూడా కొలబద్ద నా చెవి పక్కనుంచే వెళ్లేది. పగులు కనపడితే మాత్రం నేను వెంటనే చెప్పేవాణ్ని. ఆయన ముక్క తీసుకుని, చూసి, పొయ్యిలో పడేసేవాడు. ఆ రోజు తిట్టేవాడు కాదు. ఆ కర్ర సంగతి మేమిద్దరం ఎప్పుడూ మళ్లీ ఎత్తలేదు, ఒక్కసారి తప్ప.

రెండేళ్ల కిందట, ఆయన మంచం పట్టి ఇక లేవడని డాక్టరు చెప్పేశాక, ఒక మధ్యాహ్నం అక్క ఇంత జావ తాగించి వెళ్లింది. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆయన పైకప్పు వంక చూస్తూ మామూలుగా అడిగాడు.

"ఒరేయ్, ఆ రోజు నీకేం తొందర?"

"ఏ రోజు బావా?"

"మేము పొన్నూరు పోయిన రోజు. మూడు రోజులు పట్టనీ అన్నానుగా. ఆ పూట నీకు ఏం పనుంది? ఎక్కడికన్నా పోవాలా?"

దాచడానికి ఇంకేమీ లేదు, ఉంటే చెప్పేసేవాణ్ని. కళ్లు మూసుకుని వెతికాను. సినిమాకా? అత్తగారింటికా? పిల్లలకేమైనా బాగోలేదా? ఆ మధ్యాహ్నపు ఎండ గుర్తుంది, కర్ర వేడి అరచేతిలో గుర్తుంది, చెవిలో 'టిక్' గుర్తుంది. పని మాత్రం గుర్తు రాలేదు. "తెలియదు బావా" అన్నాను. ఆయన పళ్లు లేని నోటితో నవ్వాడు. అక్క చెప్పినట్టు నవ్వని మనిషి, నా ఎదుట నవ్వింది అప్పుడొక్కసారే. "నాకూ పదిహేనేళ్ల నుంచి అదే అనుమానం" అన్నాడు, అటు తిరిగి పడుకున్నాడు.

ఆయన పోయాక కూడా అప్పుడప్పుడూ కూర్చుని ఆలోచిస్తాను. ఒక మనిషి కాలూ, ఇంకో మనిషి చెయ్యీ, మా అక్క అరచేతులూ తీసుకెళ్లిన ఆ పూట, నేను మిగుల్చుకున్న ఆ రెండు రోజుల్నీ ఎక్కడ ఖర్చు పెట్టానో ఎంత వెతికినా దొరకడం లేదు.